ఇరవై అని రాసిన గడులు

పదిహేడో ప్రశ్న దగ్గర సోని పెన్ను ఆగింది.

"ఒక పరిష్కారం తోచాక అది సరైనదో కాదో మళ్ళీ పరిశీలిస్తాను." ఎదురుగా నాలుగు గడులు: ఎల్లప్పుడూ, తరచుగా, అప్పుడప్పుడు, ఎన్నడూ లేదు.

పక్క కుర్చీలో సాహిత్య అప్పటికే చివరి పేజీకి వచ్చేసింది. ప్రశ్న చదవకుండానే మొదటి గడిలో టిక్కు పెట్టుకుంటూ పోతోంది.

"ఏంటే, ఇంకా పదిహేడులోనే ఉన్నావా? అన్నీ మొదటి గడిలో కొట్టెయ్. మేడమ్‌కి మంచి పిల్లలు కావాలి, మనకి అన్నం కావాలి."

"చదువుతున్ననే."

"చదివితే ఆకలి తీరుద్దా తల్లీ?"

సోని నవ్వింది. నవ్వుతూనే మొదటి గడిలో టిక్కు పెట్టింది. పద్దెనిమిది, పంతొమ్మిది, ఇరవై. ఆ తర్వాత చెయ్యి తనంతట తానే కదిలింది.

ఇద్దరూ ఖమ్మంలో బీఎస్సీ నర్సింగ్ నాలుగో సంవత్సరం. మణుగూరు దారిలో అడవి మొదలయ్యే చోట ఉన్న ముప్పై పడకల దవాఖానాలో నెల రోజుల పోస్టింగ్. వెంట వచ్చిన ట్యూటర్ జ్యోత్స్న మేడం పీహెచ్‌డీ చేస్తోంది. నర్సింగ్ విద్యార్థుల్లో సమస్యను పరిష్కరించే శక్తిని ఏవేవి మలుస్తాయన్నది ఆమె పరిశోధన. అందుకే ఈ ఆరు పేజీల కాగితం. మొదటి పేజీలో వయసు, తండ్రి వృత్తి, తల్లి చదువు, ఇంట్లో మాట్లాడే భాష, ఈ చదువు ఎవరి ఇష్టంతో ఎంచుకున్నారు. తండ్రి వృత్తి దగ్గర సోని "పాల్వంచ పవర్ స్టేషన్‌లో కాంట్రాక్టు కార్మికుడు" అని రాసింది. ఇంట్లో మాట్లాడే భాష దగ్గర ఒక క్షణం ఆలోచించి "తెలుగు" అని రాసింది.

బయట నాలుగు రోజులుగా వాన. భద్రాచలం వెళ్ళే దారిలో వాగు పొద్దున్నే కల్వర్టు మీదికి ఎక్కింది. డాక్టర్ వెంకటకృష్ణ ఎనిమిది గంటలకు వరద శిబిరం చూడడానికి వాగు దాటి వెళ్ళి అటే చిక్కుకుపోయాడు. ఫోన్ ఒకసారి కలుస్తోంది, రెండుసార్లు కలవడం లేదు.

"ఏమ్మాయ్ సోనీ!" వార్డు లోపలి నుంచి సీతారావమ్మ సిస్టర్ కేకేసింది. వచ్చే మార్చిలో రిటైరయ్యే మనిషి. సత్తుపల్లి నుంచి వచ్చి ముప్పై ఏళ్ళయినా మాట తీరు మారలేదు. "రెండు కావస్తోంది. మూడో మంచానికి ఇంజెక్షన్ టైమ్. నే మందు లాగుతున్నా. రెస్పిరేషన్ ఎంత?"

"ఇరవై, సిస్టర్."

ఆ మాట నోట్లోంచి వచ్చింది. తలలోంచి రాలేదు. వచ్చాక సోని దాన్ని విన్నది, ఇంకెవరో అన్నట్టు.

మూడో మంచం బాలిది. పంతొమ్మిదేళ్ళ పిల్ల. నిన్న మధ్యాహ్నం తండాలో ఫిట్స్ వస్తే ట్రాక్టర్ మీద పడుకోబెట్టి తెచ్చారు. సాయంత్రం ఐదింటికి ఆడపిల్ల పుట్టింది. మళ్ళీ ఫిట్స్ రాకుండా నాలుగు గంటలకొకసారి మెగ్నీషియం ఇంజెక్షన్ చేస్తున్నారు. ఇది ఏడోది. మంచి మందే. కాకపోతే మూత్రంలో బయటికి పోవాలి. పోకపోతే ఒంట్లో పేరుకుని ముందు మోకాళ్ళలో కదలికను చంపుతుంది, తర్వాత ఊపిరిని. అందుకే ప్రతి డోసుకు ముందు మూడు చూడాలి: నిమిషానికి ఊపిరి పదహారుకు తగ్గకూడదు, మోకాలి కింద తడితే కాలు ఎగరాలి, మూత్రం సరిపడా రావాలి. సోని దీన్ని ఇంగ్లీషులో కళ్ళు మూసుకుని అప్పజెప్పగలదు. పోయిన వారమే అప్పజెప్పింది, పదికి తొమ్మిది మార్కులు వచ్చాయి.

ట్రే తీసుకుని బయల్దేరుతూ చార్టు చూసింది. ఎనిమిది, తొమ్మిది, పది, పదకొండు, పన్నెండు, ఒకటి. ఆరు గడులు. ఆరింటిలోనూ ఇరవై. దస్తూరీ తనదే. అంతకు ముందు రాత్రి షిఫ్టు గడుల్లో వేరే ఇంకుతో వేరే దస్తూరీ, అంకె మాత్రం అదే.

ఈ ఆరింటిలో ఒక్కటీ తను లెక్కపెట్టింది కాదు.

దాన్ని దొంగ లెక్క అనుకునేది కాదు ఎప్పుడూ. బీపీకి మిషన్ ఉంది, జ్వరానికి థర్మామీటర్ ఉంది, నాడికి వేలికి తగిలించే క్లిప్పు ఉంది. అవి చూపించింది రాస్తే చాలు. ఊపిరి ఒక్కదానికే మనిషి నిమిషంసేపు ఊరికే నిలబడి ఇంకో మనిషి ఛాతీ వైపు చూడాలి. ముప్పై మంచాలున్న వార్డులో నిమిషంసేపు కదలకుండా నిలబడిన అమ్మాయి పని ఎగ్గొట్టినట్టు కనిపిస్తుంది. అందుకే అందరూ ఇరవై రాస్తారు. సీనియర్లు రాశారు, వాళ్ళ సీనియర్లు రాశారు. పోయినేడు హరిలాల్ అనే సీనియర్ ఒక్కడు, లెక్కపెట్టలేదు కాబట్టి రాయలేదు, గడి ఖాళీగా వదిలేశాడు. అతని పోస్టింగ్ గంటలన్నీ కొట్టేశారు. ఆరు నెలలు వెనకబడ్డాడు. ఖాళీ గడికి శిక్ష ఉందని ఆ రోజు కాలేజీ మొత్తానికీ తెలిసింది. నింపిన గడికి ఎప్పుడూ శిక్ష పడలేదు.

అయితే సోని ఇరవై రాయడం అంతకంటే ముందే మొదలైంది. రెండో సంవత్సరంలో, ఖమ్మంలో మగవాళ్ళ వార్డులో, ఒక పెద్దాయనకు నాన్న కొనిచ్చిన వాచీ పెట్టుకుని నిండా నిమిషం లెక్కపెట్టింది. పదకొండు వచ్చింది. నమ్మకం కుదరక మళ్ళీ లెక్కపెట్టింది. పదకొండే. రాసింది. రౌండ్స్‌కి వచ్చిన జ్యోత్స్న మేడం చార్టు పైకెత్తి, "పదకొండా? ఆయన బతికే ఉన్నాడా సోనీ, నువ్వు చంపేశావా?" అంది. పదిహేను మంది అమ్మాయిలు నవ్వారు. మంచం మీది పెద్దాయన కొడుకు కూడా, ఏమర్థమైందో, నవ్వాడు. మేడం పదకొండు కొట్టేసి ఇరవై రాసింది. ఆ తర్వాత ఏడాది పాటు హాస్టల్లో సోని పేరు "లెవెన్".

మర్నాడు ఆ మంచం ఖాళీగా ఉంది. ఇంటికి పంపారో, ఇంకేమైనా అయిందో సోని ఎవరినీ అడగలేదు. అడిగితే జవాబు వస్తుందేమోనని భయపడింది.

బాలి తల్లి పూలి మంచం పక్కన నేల మీద కూర్చుని ఉంది. పసిపిల్ల ఆమె కొంగులో ఉంది. సోనిని చూడగానే పూలి లంబాడీలో అంది: "పసిది ఏడ్చినా బాలి లేస్తలేదు. ఊపిరి తీసుకుంటది, ఆగుతది, ఏదో ఆలోచన చేసినట్టు ఉండి మళ్ళీ తీసుకుంటది. పొద్దున పదింటికి నీకు చెప్పిన గదా."

చెప్పింది. సోనికి అప్పుడే అర్థమైంది కూడా. వార్డులో తండా భాష మాట్లాడొద్దని మొదటి ఏడాదిలో ఎవరో అన్నారు. ఎవరన్నారో ఇప్పుడు గుర్తు లేదు, మాట మాత్రం నిలిచిపోయింది. పొద్దున పూలి "నీ పేరు సోనియే కదా, మనోళ్ళ పిల్లవే కదా" అని లంబాడీలో అడిగితే, అర్థం కానట్టు నవ్వి సెలైన్ సరిచేసి వచ్చేసింది. పదింటికి మళ్ళీ ఏదో అంటుంటే, "నిద్రపోనీ అమ్మా, అలిసిపోయింది" అని తెలుగులో జవాబిచ్చింది. అది సీతారావమ్మ సిస్టర్ అంతకు ముందు అన్న మాటే. దాన్నే తెచ్చి ఇక్కడ పెట్టింది.

ట్రే కింద పెట్టింది. వాచీ వైపు చూసింది. ముల్లు పన్నెండు దగ్గరికి వచ్చేదాకా ఆగింది.

బాలి పైట కింద ఛాతీ పైకి లేచింది. ఒకటి.

దిగింది. దిగాక చాలాసేపు ఏమీ లేదు. కిటికీ రేకు మీద వాన చప్పుడు. పసిపిల్ల నిద్రలో చప్పరించిన చప్పుడు. సోనికి తన ఊపిరి తనకు వినిపిస్తోంది, దాన్నే బాలిది అనుకుంటానేమోనని బిగబట్టింది. రెండు.

నిమిషం ఇంత పొడుగు ఉంటుందని మర్చిపోయింది. రెండేళ్ళుగా ఒక నిమిషాన్ని పూర్తిగా చూడలేదు. ఏడు దగ్గర ఒక ఆలోచన వచ్చింది: నేను కళ్ళార్పినప్పుడు ఒకటి తప్పిపోయి ఉంటుంది. ఎనిమిది దగ్గర ఇంకో ఆలోచన: తప్పిపోయి ఉంటే బాగుండు.

ముల్లు మళ్ళీ పన్నెండు మీదికి వచ్చింది. పదకొండు.

మళ్ళీ అదే అంకె. దానితోపాటే పదిహేను మంది నవ్వు కూడా వచ్చింది, ఒక్కొక్కరి గొంతుతో సహా. ఇది బాలి ఊపిరా, తన తలలో రెండేళ్ళుగా ఇరుక్కున్న అంకె మళ్ళీ బయటికొచ్చిందా? మనసు ఒకసారి అవమానపడిన చోటికే తిరిగి వెళ్తుందని సైకాలజీ పాఠంలో చదివింది. పరీక్షలో రాసింది కూడా. చదివింది తనకే జరుగుతున్నప్పుడు ఏం చెయ్యాలో పాఠంలో లేదు.

మంచం అవతలి వైపు వెళ్ళి దుప్పటి పైకెత్తింది. మూత్రం సంచీ దుప్పటి అంచు వెనక వేలాడుతోంది. పొద్దున ఆరింటికి ఆయమ్మ ఖాళీ చేసింది. ఎనిమిది గంటలు గడిచినా అందులో అరచేతిలో పట్టేంత ఉంది, చిక్కటి టీ రంగులో.

బాలి మోకాలిని ఎత్తి తన ముంజేతి మీద ఆనించుకుంది. అరచేతి అంచుతో మోకాలి చిప్ప కింద కొట్టింది. కాలు కదల్లేదు. ఇంకొంచెం పైన కొట్టింది, కింద కొట్టింది. తడిగుడ్డ మూట మీద కొట్టినట్టుంది.

"యాడీ," అంది సోని. తండాలో తల్లిని పిలిచే ఆ పిలుపు విని పూలి తల గభాలున పైకెత్తింది. సోని లంబాడీలోనే అడిగింది: "ఎప్పటినుంచి ఇట్ల తీస్తున్నది?"

"తెల్లారి ఆరింటి సూది అయినంక. అంతకు ముందు బిడ్డను చూసింది. నీళ్ళడిగింది." పూలి గొంతు తగ్గింది. "నువ్వు మనదానివేనా మరి?"

సోని బాలి మోకాలిని మెల్లగా దించింది. తలుపు దగ్గర సాహిత్య కనిపించింది.

"సాహిత్యా, జల్దీ రా. నువ్వొకసారి లెక్కపెట్టు."

సాహిత్య వచ్చింది. పది సెకన్లు చూసింది. "నిద్రపోతోంది కదే, మెల్లగానే తీస్తది." గొంతు తగ్గించి, "మళ్ళీ లెవెన్ మొదలెట్టావా? మేడం కాగితాలు పట్టుకుని ఇటే వస్తోంది. ఇరవై రాసేసి పద."

"కాలు ఎగురుతలేదు."

"నీకు కొట్టడం రాలేదేమో. థర్డ్ ఇయర్ ప్రాక్టికల్స్‌లో నాక్కూడా ఎగరలా. ఆ బొమ్మకి అసలు కాలే లేదు." నవ్వబోయి సోని ముఖం చూసి ఆగిపోయింది.

సీతారావమ్మ సిస్టర్ సిరంజి పట్టుకుని వచ్చింది. ఐదు ఆంపూల్స్ విరగ్గొట్టి లాగిన పెద్ద సిరంజి. మరో చేతిలో స్పిరిట్ దూది. "జరుగమ్మా. కుడి పక్క పదింటికి చేశాం, ఇప్పుడు ఎడమ పక్క. కాస్త ఒత్తిగిలించండి."

సాహిత్య బాలి భుజం కింద చెయ్యి పెట్టింది. అలవాటుగా సోని చేతులు కూడా ముందుకు వెళ్ళాయి. బాలి తుంటి మీద చర్మం దూది తడికి మెరిసింది.

ఈ క్షణంలో ఏమీ అనకపోతే ఏమవుతుందో సోనికి స్పష్టంగా తెలుసు. మందు లోపలికి వెళ్తుంది. పదకొండు కాస్తా ఎనిమిదవుతుంది, ఐదవుతుంది. సాయంత్రానికి చార్టులో ఇరవై, ఇరవై అని నిండుగా ఉంటుంది. ఫిట్స్ వచ్చి పోయిన పిల్ల, తండా నుంచి ఆలస్యంగా తెచ్చారు అంటారు. అందరూ నమ్ముతారు. తను కూడా కొన్నేళ్ళకు నమ్మగలదు. పెద్దాయన విషయంలో తను చేసింది అదే.

"సిస్టర్, ఆగుర్రి."

"ఏమైంది?"

"ఊపిరి పదకొండే ఉన్నది."

సీతారావమ్మ సూది కదల్చలేదు. చర్మానికి వేలెడు దూరంలో ఆగింది. "ఇప్పుడే కదే ఇరవై అన్నావు?"

"లెక్కవెట్టలే సిస్టర్."

"ఎప్పుడు లెక్కపెట్టలేదు? ఒంటిగంటదా?"

గుమ్మంలో జ్యోత్స్న మేడం నిలబడి ఉంది. ఛాతీకి ఆనించుకుని ప్రశ్నల కాగితాల కట్ట. ఎప్పుడు వచ్చిందో తెలియదు. మేడం కళ్ళలోకి చూస్తూ చెప్పడం కుదరదని, సోని సూది మొన వైపు చూసి చెప్పింది.

"ఏదీ లెక్కవెట్టలే. పొద్దున్నుంచి ఆరూ. ఊరికే రాసిన."

వార్డులో ఎవరో దగ్గారు. సీతారావమ్మ సిరంజిని మెల్లగా వెనక్కి తీసి ట్రేలో పెట్టింది.

"నీ ఇరవైని నమ్మి పదింటికి నేనే పొడిచానే పిల్లా," అంది. గొంతులో కోపం ఉండాల్సిన చోట ఇంకేదో ఉంది. "నేనే పొడిచాను."

"ఆక్సిజన్ ఎంత చూపిస్తోంది?" గుమ్మంలోంచి మేడం అడిగింది.

"తొంభై మూడు, మేడం," అంది సాహిత్య.

"మరీ తక్కువ కాదు. సోనీ, నువ్వు కచ్చితంగా—"

"నాకు తెల్వదు మేడం," సోని అడ్డుపడింది. మేడం మాటకు ఇంతకు ముందెప్పుడూ అడ్డుపడలేదు. "నేను లెక్కవెడితే పదకొండొచ్చింది. నా లెక్క మీద నాకే నమ్మకం లేదు. మీరు చూడుర్రి. నిండా నిమిషం చూడుర్రి."

జ్యోత్స్న మేడం కాగితాల కట్టను పక్క మంచం మీద పెట్టింది. వాచీని మణికట్టు లోపలి వైపుకు తిప్పుకుంది. బాలి పొట్ట మీద రెండు వేళ్ళు ఆనించి నిలబడింది.

పక్క మంచాల బాలింతలు లేచి కూర్చున్నారు. సోని లెక్కపెట్టకూడదనుకుంది. అయినా లోపల ఎవరో లెక్కపెడుతున్నారు. మేడం పెదవులు కదలడం చూసింది: మూడు, నాలుగు. ఐదుకీ ఆరుకీ మధ్య మేడం కనుబొమలు ముడిపడ్డాయి. వాచీని చెవి దగ్గర పెట్టుకుని మళ్ళీ దించింది.

"తొమ్మిది," అంది మేడం.

ఎవరూ నవ్వలేదు.

"సోనీ, ఆక్సిజన్ పెట్టు. సాహిత్యా, డాక్టర్‌గారికి ఫోన్ కొట్టు. కలిసేదాకా కొడుతూనే ఉండు. సిస్టర్, కాల్షియం ఎక్కడుంది?"

"ఎమర్జెన్సీ ట్రాలీలో ఉండాలి." మెగ్నీషియంకు కాల్షియమే విరుగుడు; సీతారావమ్మ అప్పటికే డ్రాయర్ లాగుతోంది. ఆంపూల్స్ గలగలలాడాయి. "లేదు. నిన్న వాడేశారా? ఫార్మసీ తాళం ఫార్మసిస్టు దగ్గర, ఆయన వాగవతల."

సోని ఆక్సిజన్ మాస్కు తాడు బాలి తల వెనక బిగిస్తూ ఆలోచించింది. వచ్చిన మొదటి రోజు ఆలస్యంగా వచ్చినందుకు మేడం ఆమెతో కాన్పుల గదిలోని మందులన్నీ లెక్క రాయించింది. విసుక్కుంటూ రాసింది. పేజీ కళ్ళ ముందుకు వచ్చింది. పసిపిల్లలకు వేడి పెట్టే దీపం కింద నీలం డబ్బా. పై వరుస.

"కాన్పుల గదిల నీలం డబ్బా ఉన్నది సిస్టర్. దీపం కింద. మూడు ఆంపూల్స్. మొదటి రోజు నేనే రాసిన."

"ఇది లెక్కపెట్టావా, ఇదీ ఊరికే రాశావా?" సీతారావమ్మ పరుగెత్తుతూనే అడిగింది.

"లెక్కవెట్టిన."

కానీ ఆ అడిగిన మాట లోపల గుచ్చుకుంది. లెక్కపెట్టానా? ఆ ఆరు గడుల్లో ఇరవై రాసేటప్పుడు కూడా చెయ్యి ఇంతే ధీమాగా కదిలింది. సీతారావమ్మ తిరిగి వచ్చేదాకా సోని తలుపు వైపే చూస్తూ ఉంది. అబద్ధం ఒక్క చోట రాసినా నిజంగా చూసిన వాటి మీద కూడా నమ్మకం పోతుందని అప్పుడు తెలిసింది.

సీతారావమ్మ వచ్చింది. చేతిలో మూడు ఆంపూల్స్ ఉన్నాయి.

"కలిసింది! కలిసింది!" సాహిత్య ఫోన్ స్పీకర్‌లో పెట్టింది. గరగరమంటూ డాక్టర్ గొంతు. మేడం రెండు మాటల్లో చెప్పింది.

"ఇరవై ఉందన్నారుగా పొద్దున?" అన్నాడు డాక్టర్.

మేడం సోని వైపు చూసింది. సోని ముందుకు వంగింది. "అది తప్పు సార్. నేను లెక్కవెట్టకుండ రాసిన. ఇప్పుడు తొమ్మిది. మోకాలు ఎగురుతలేదు. యూరిన్ చాలా తక్కువ."

అవతల వాన చప్పుడు. "కాల్షియం గ్లూకోనేట్ పది ఎంఎల్. పది నిమిషాలు పట్టాలి, తొందరపడితే గుండె ఆగుతుంది. ఊపిరి ఆగితే నొక్కడానికి అంబూ బ్యాగ్ దగ్గర పెట్టుకోండి. మెగ్నీషియం ఇక ఇవ్వొద్దు. వాగు తగ్గుతోంది, అంబులెన్స్‌ని అటు..." గొంతు తెగిపోయింది.

సీతారావమ్మ సూది ఎక్కించింది. ముప్పై ఏళ్ళ చేతి నేర్పు, ఒక్క పోటుకే నరం దొరికింది. నిమిషానికి ఒక ఎంఎల్. మేడం వాచీ చూసి సమయం చెబుతోంది. సోని బాలి తల దగ్గర అంబూ బ్యాగ్ పట్టుకుని ఛాతీ చూస్తూ పైకే లెక్కపెట్టింది. పూలి పసిపిల్లను ఒళ్ళో ఉంచుకుని సోని పెదవుల వైపే చూస్తోంది.

రెండో నిమిషంలో ఎనిమిది. సీతారావమ్మ బొటనవేలు పిస్టన్ మీద ఆగింది. మేడం తల ఊపింది. వేలు మళ్ళీ కదిలింది.

నాలుగో నిమిషంలో తొమ్మిది. ఆరో నిమిషంలో బాలి కనురెప్పల కింద గుడ్లు కదిలాయి. సోని గొంతు బొంగురుపోయింది, అయినా ఆపలేదు. పదో నిమిషం అయ్యేసరికి పన్నెండు. ఆ తర్వాతి నిమిషం పదమూడు. బాలి పెదవులు కదిపింది. మాట రాలేదు. పూలి వంగి విని, తెలుగులోకి మార్చి అందరికీ చెప్పింది. "నీళ్ళడుగుతున్నది."

సాహిత్య గోడకు ఆనుకుని కూర్చుండిపోయింది.

మూడున్నరకు అంబులెన్స్ డ్రైవర్ తిరుపతి వచ్చి, వాగు కల్వర్టు కిందికి దిగిందని, మళ్ళీ ఎక్కేలోపు పోవాలని చెప్పాడు. భద్రాచలం తీసుకెళ్ళాలి. కాగితాలు సిద్ధం చేయాలి.

సీతారావమ్మ కొత్త చార్టు కాగితం ఒకటి తెచ్చి సోని ముందు పెట్టింది. గొంతు తగ్గించింది. "పాతది ఇలా ఇచ్చేయ్. ఇందులో పద్దెనిమిది, పదిహేడు, పదహారు అని రాసుకో. మెల్లగా తగ్గినట్టు ఉంటుంది. అక్కడ నిన్నెవరూ అడగరు, నన్నూ అడగరు. మార్చిదాకా నన్ను ప్రశాంతంగా ఉండనియ్యి తల్లీ."

ఆమె కళ్ళలో బతిమాలడం చూడలేక సోని కాగితం వైపు చూసింది. ఖాళీ గడులు. తెల్లగా, శుభ్రంగా ఉన్నాయి. పద్దెనిమిది అన్నది ఎంత నమ్మదగిన అంకె! ఇరవై కంటే చాలా తెలివైన అబద్ధం.

"వాళ్ళు ఎప్పటినుంచి తగ్గిందని అడుగుతరు సిస్టర్. దాన్నిబట్టే మందిస్తరు. నాకు తెల్వదు. తెల్వదనే రాయాలె."

పాత చార్టు తీసుకుంది. ఎనిమిది గంటల గడిలో ఇరవై మీద ఒక గీత గీసి, పక్కన "లెక్కించలేదు" అని రాసి సంతకం పెట్టింది. తొమ్మిది. పది దగ్గర చెయ్యి ఆగింది, ఆ గడి కిందే ఇంజెక్షన్ ఇచ్చినట్టు సీతారావమ్మ సంతకం ఉంది. గీత గీసింది. ఆరూ అయ్యాయి. రాత్రి షిఫ్టు గడుల్లోని ఇరవైల జోలికి పోలేదు. అవి లెక్కపెట్టినవో కాదో తనకు తెలియదు.

సీతారావమ్మ కొత్త కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకుని వెళ్ళిపోయింది.

స్ట్రెచర్ ఎక్కిస్తుండగా జ్యోత్స్న మేడం చార్టు చూసింది. చాలాసేపు చూసింది. "ఇది నేను ప్రిన్సిపాల్‌కి రిపోర్ట్ చెయ్యక తప్పదు సోనీ. నీ గంటలు కొట్టేస్తారు. హరిలాల్ సంగతి నీకు తెలుసు."

"అవ్ మేడం."

"అంబులెన్స్‌లో నువ్వు వెళ్ళు. దారంతా చూస్తూ ఉండు."

"పోత మేడం."

మేడం పక్క మంచం మీది కాగితాల కట్ట తీసుకుంది. పైనున్నది సోనిది. మొదటి పేజీ, ఇంట్లో మాట్లాడే భాష దగ్గర మేడం బొటనవేలు ఆగింది. లోపలి పేజీలు తిప్పింది. అన్ని టిక్కులూ మొదటి గడిలో వరుసగా, నిటారుగా ఉన్నాయి. కింద సాహిత్యది. దానిలోనూ అంతే. దాని కింద ఇంకొకటి. మేడం కట్టను మూసేసింది.

"సెకండ్ ఇయర్‌లో," అంది, ఇంకెటో చూస్తూ, "మగవాళ్ళ వార్డులో ఆ పెద్దాయన... అప్పుడు నిండా నిమిషం లెక్కపెట్టావా?"

"పెట్టిన మేడం. రెండుసార్లు."

వాన మళ్ళీ మొదలైంది. తిరుపతి హారన్ కొట్టాడు. మేడం ఇంకేదో అడుగుతుందని సోని ఒక్క క్షణం ఆగింది. ఆమె వాచీ ముల్లు వైపు చూస్తూ నిలబడిపోయింది.

అంబులెన్స్ తలుపు మూసుకుంది. పూలి పసిపిల్లతో మూలకు ఒదిగి కూర్చుంది. కల్వర్టు దగ్గర చక్రాలు మళ్ళీ ఎక్కుతున్న నీళ్ళలోకి దిగినప్పుడు బండి ఒక పక్కకు లాగింది. సోని ఒక చేత్తో కడ్డీ పట్టుకుని, రెండో చెయ్యి బాలి పొట్ట మీద ఉంచింది.

"ఎంత ఉన్నది?" లంబాడీలో అడిగింది పూలి.

"ఆగు యాడీ," అంది సోని, అదే భాషలో. "ఇంకా నిమిషం కాలేదు."